ఫోన్ ప్లాన్ మార్చే ముందు: గదిగదిలో సిగ్నల్, నెల మొత్తం డేటా, ఏడాది మొత్తం ఖర్చు

ప్లాన్ మారుద్దామనుకున్నవాళ్లలో ఎక్కువమంది ముందు ధర చూస్తారు. తర్వాత రోజుకి ఎన్ని జీబీలో చూస్తారు. సిగ్నల్ సంగతి మాత్రం కొత్త సిమ్ వేసుకున్నాకే తెలుస్తుంది. నేను ఈ వరసని పూర్తిగా తిరగెయ్యమంటాను. ముందు సిగ్నల్, తర్వాత మీ అసలు వాడకం, ధర అన్నిటికన్నా చివర. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. ఒకప్పుడు మా అమ్మ నంబర్ని చవగ్గా వస్తోందని వేరే నెట్‌వర్క్‌కి మార్పించాను. వీధి గుమ్మంలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండేది. ఆవిడ రోజంతా ఉండే వెనక గదిలో మాత్రం ఫోన్ మోగేదే కాదు. డాక్టరు దగ్గర్నుంచి రావలసిన ఫోన్ రెండుసార్లు తప్పిపోయాక గానీ నాకు విషయం అర్థం కాలేదు. ఆ నెలలో మిగిలిన డబ్బు ఆ రెండు ఫోన్లకి ఏ మాత్రం సాటి రాదు.

గోడ దాటి వచ్చేదెవరు?

అన్ని సిగ్నళ్లూ ఒకటి కావు. సిగ్నల్‌ని మోసుకొచ్చే రేడియో తరంగాల శ్రేణుల్ని బ్యాండ్లు అంటారు. 700, 800, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు దూరం పోతాయి, గోడల్లోంచి లోపలికి వస్తాయి. 1800, 2100 మధ్యరకం. 2300 నుంచి 3500 దాకా ఉన్నవి మంచి వేగాన్ని ఇస్తాయి గానీ కాంక్రీటు గోడలు, లోహపు పూత ఉన్న అద్దాలు అడ్డొస్తే తొందరగా నీరసపడతాయి. 26 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తే చెయ్యి అడ్డం పెట్టినా సిగ్నల్ దెబ్బతింటుంది. అందుకే వీధిలో 5జీ పరుగులు పెట్టి, ఇంట్లోకి అడుగుపెట్టగానే 4జీకి పడిపోవడం చూస్తుంటాం. అది మీ ఫోన్ లోపం కాదు, ఆ బ్యాండు స్వభావం. రెండు కంపెనీలకీ ఒకే వీధిలో టవర్లున్నా, తక్కువ బ్యాండు వాడేది మీ పడగ్గదిలో గెలుస్తుంది.

కంపెనీలు చూపించే కవరేజీ మ్యాపులు చాలావరకు కంప్యూటర్ లెక్కలు. టవర్ ఎత్తు, నేల ఎత్తుపల్లాలు, ఫ్రీక్వెన్సీ వేసి ఎక్కడిదాకా చేరుతుందో అంచనా కడతారు. అవి ఎక్కువగా ఆరుబయటి సిగ్నల్‌కి చెల్లుతాయి. మీ ఇంట్లో మెట్ల కింద గది ఆ లెక్కలోకి రాదు. ఇంకో మెలిక ఉంది. ‘99 శాతం కవరేజీ’ అని కనిపిస్తే అది జనాభాలో శాతమా, నేల విస్తీర్ణంలో శాతమా అని చూడండి. జనం పట్టణాల్లో గుమికూడి ఉంటారు కాబట్టి మొదటి శాతం రెండోదానికన్నా దాదాపు ఎప్పుడూ పెద్దగానే కనబడుతుంది. పొలాలు, అడవి దారులు, రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీ రోజువారీ జీవితంలో భాగమైతే మీకు కావలసింది రెండో శాతం.

కాబట్టి మ్యాపుని నమ్మి ఊరుకోకుండా కాళ్లతో తిరిగి చూడడమే మంచిది. మీరు మారాలనుకుంటున్న నెట్‌వర్క్ సిమ్ ఉన్న స్నేహితుణ్నో చుట్టాన్నో ఒక పూట ఇంటికి పిలవండి. లేకపోతే వాళ్ల దగ్గర దొరికే అతి చిన్న ప్రీపెయిడ్ ప్లాన్‌తో కొత్త సిమ్ తీసుకుని, రెండో స్లాటులో వేసుకోండి. ఫోన్‌లో ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) ఉంటే ఇంకా సులువు, కొన్ని కంపెనీలు కొద్ది రోజులు ఉచితంగా చూసుకోనిస్తాయి కూడా. ఆ సిమ్‌తో ఒక వారం బతకండి. మంచం మీద, వంటింట్లో, పనిచేసే చోట మీ కుర్చీలో, లిఫ్టు దగ్గర, రోజూ వెళ్లే దారిలో చూడండి. ఒక్కొక్కచోట ఒక ఫోన్ కాల్ చేసి మాట్లాడండి. అవతలివాళ్ల మాట మనకి బాగానే వినిపించి, మన మాట వాళ్లకి తెగితెగి వినిపించడం తరచూ జరుగుతుంది. టవర్ పెద్ద గొంతుతో మాట్లాడగలదు, ఫోన్ గొంతు చిన్నది. మామూలు ఫోన్ 4జీలో గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితోనే సిగ్నల్ పంపుతుంది. అందుకే ‘నా మాట సరిగ్గా వినబడుతోందా?’ అని అడిగి మరీ తెలుసుకోండి.

ఫోన్ పైన కనిపించే గీతల్ని మాత్రం ప్రమాణంగా తీసుకోకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ చేసినవాడి ఇష్టం. ఒకే బల్లమీద పెట్టిన రెండు ఫోన్లు, ఒకే నెట్‌వర్క్ మీద వేర్వేరు గీతలు చూపించవచ్చు. అసలు అంకె లోపల ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ కింద సిమ్ స్టేటస్‌లో దొరుకుతుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. అక్కడ సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అని ఒక మైనస్ అంకె కనిపిస్తుంది. 4జీలో -90 కన్నా సున్నా వైపు ఉంటే బాగున్నట్టు. -100, -110 మధ్య ఉంటే నెట్టుకురావచ్చు. -115 దాటితే కాల్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఈ అంకెల్లో ప్రతి పది తగ్గుదలకీ అందే శక్తి పదో వంతు అవుతుంది. -85కీ -115కీ మధ్య తేడా చూడ్డానికి ముప్పయ్యే గానీ శక్తిలో వెయ్యి రెట్లు. ఒక కాగితం మీద గదిగదికీ ఈ అంకె రాసుకుంటే రెండు నెట్‌వర్కుల పోలిక కళ్లముందు ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ గొంతు పెంచుకుని అరుస్తుంది, బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. చాలామంది అది పాత బ్యాటరీ అనుకుని మార్పించుకుంటారు.

సిగ్నల్ నిండుగా ఉండి నెట్ మాత్రం పాకుతుంటే అది వేరే జబ్బు. టవర్ సామర్థ్యాన్ని అప్పటికి దానిమీద ఉన్నవాళ్లందరూ పంచుకుంటారు. పగలు పదింటికి చూసిన స్పీడు, రాత్రి అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చునే వేళకి నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. స్పీడ్ టెస్టు ఎప్పుడు చేసినా రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య ఒకసారి తప్పక చెయ్యండి. ఆ వేళ 5 ఎంబీపీఎస్ నికరంగా వస్తే, తెల్లవారుజామున 200 వచ్చి రాత్రి 1కి పడిపోయే నెట్‌వర్క్ కన్నా అదే నయం. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది.

సొంత టవర్లు లేకుండా పెద్ద కంపెనీల టవర్ల మీద నడిచే చిన్న కంపెనీలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటి ప్లాన్లు చవక. కవరేజీ కూడా ఆ పెద్ద కంపెనీదే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. కానీ రద్దీ వేళల్లో టవర్ తన సొంత కస్టమర్లకి ముందు, వీళ్లకి తర్వాత వడ్డించే ఒప్పందాలు ఉంటాయి. జనం తక్కువగా ఉన్నచోట ఆ తేడా తెలియదు. రోజూ రైళ్లలో, స్టేడియం పక్కన, కిక్కిరిసిన ఆఫీసు భవనాల్లో ఉండేవాళ్లకి నేను వద్దనే చెబుతాను.

ఇంట్లో సిగ్నల్ రాదు గానీ వైఫై ఉంది అంటారా, అప్పుడు వైఫై కాలింగ్ ఉన్న నెట్‌వర్క్ చూసుకోండి. కాల్ మామూలు నంబర్ మీదే వస్తుంది, దారి మాత్రం వైఫైది. ఫోన్ మోడల్, కంపెనీ, ప్లాన్ మూడూ దాన్ని అనుమతించాలి. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుందని, అప్పుడు కాల్ కూడా పోతుందని గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

ఫోన్ కూడా ఒకసారి చూసుకోండి. మీరు మారబోయే నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు మీ ఫోన్‌లో ఉన్నాయా? వేరే దేశంలో కొన్న ఫోన్లకి ఈ చిక్కు ఎక్కువ. చాలాచోట్ల 3జీ మూసేశారు, కొన్నిచోట్ల 2జీ కూడా మూసేశారు. ఆ రెండూ లేనిచోట వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే సౌకర్యం) లేని పాత ఫోన్‌లో నెట్ వచ్చినా కాల్స్ రావు. ప్లాన్ మార్చి, ఫోన్ కూడా మార్చాల్సి వస్తే పొదుపు అన్న మాటే ఉండదు.

మీ డేటా ఎంత? అంచనా కాదు, అంకె

‘నేను చాలా ఎక్కువ వాడతాను’ అనేవాళ్లలో సగం మంది నెలకి పది జీబీ దాటరు. ‘నాకెందుకండీ నెట్టు’ అనేవాళ్లు ఒక్కోసారి నలభై దాటేసి ఉంటారు. ఇది నా చుట్టూ ఉన్నవాళ్ల ఫోన్లు చూసి చెబుతున్నది. మీది కూడా ఊహించకండి. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం తెరిచి, గత మూడు నెలలది రాసుకోండి. కింద ఏ యాప్ ఎంత తిన్నదో కూడా ఉంటుంది. దాదాపు ఎవరి ఫోన్‌లోనైనా పైన ఉండేది వీడియోయే.

వీడియో సాధారణ క్వాలిటీలో గంటకి ఒక జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా, 4కే అయితే 7 జీబీ దాకా లాగుతుంది. పాటలు మంచి క్వాలిటీలో, అంటే 320 కేబీపీఎస్‌లో విన్నా గంటకి 144 ఎంబీయే. మెసేజీలు, మెయిళ్లు, వార్తలు చదవడం లెక్కలోకి తీసుకోనవసరమే లేదు. కాబట్టి ‘నాకెంత డేటా కావాలి’ అన్న ప్రశ్న నిజానికి ‘వైఫై లేనప్పుడు నేను రోజుకి ఎంతసేపు వీడియో చూస్తాను, ఏ క్వాలిటీలో’ అన్న ప్రశ్న. అరచేతిలో పట్టే తెర మీద 480కీ 1080కీ తేడా కళ్లకి పెద్దగా తెలియదు, డేటాకి మాత్రం బాగా తెలుస్తుంది. యాప్‌లో మొబైల్ డేటాకి విడిగా క్వాలిటీ తగ్గించి పెట్టుకోవచ్చు. వాటంతటవే మొదలయ్యే వీడియోలు, ఫోటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు వైఫైకి మాత్రమే పరిమితం చేస్తే చాలామందికి ఇప్పుడున్న ప్లాన్ కన్నా ఒక మెట్టు కిందిది సరిపోతుంది.

ఇక రోజువారీ కోటా మంచిదా, నెల మొత్తానికి ఒకేసారి ఇచ్చేది మంచిదా? దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. రోజుకి 2 జీబీ చొప్పున 28 రోజులంటే 56 జీబీ. పెద్ద అంకె. ఒక మనిషి మామూలు రోజుల్లో ఒక జీబీ, ఆదివారం మాత్రం ఆరు జీబీ వాడతాడనుకుందాం. నాలుగు ఆదివారాలకి 24, మిగతా 24 రోజులకి 24, మొత్తం 48 జీబీ. 56 ఉన్నవాడికి 48 హాయిగా సరిపోవాలి కదా? సరిపోదు. ప్రతి ఆదివారం నాలుగు జీబీ తక్కువపడి మళ్లీ టాపప్ వేయించుకుంటాడు, మిగతా రోజుల్లో మొత్తం 24 జీబీ అర్ధరాత్రి దాటగానే పోతుంది. ఇతనికి 50 జీబీ నెలవారీ ప్యాక్ ఎంతో మేలు. రోజూ ఒకే తీరుగా వాడేవాళ్లకి, నెల మొదటి వారంలోనే అంతా ఊదేసే పిల్లలకి రోజువారీ కోటా నయం. మిగిలింది వచ్చే నెలకి జమ అయ్యే ప్లాన్ దొరికితే వాడకం ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లకి దానికి మించింది లేదు.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట కనబడగానే కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవాలి. ఎంత వాడాక స్పీడు తగ్గిస్తారు, ఎంతకి తగ్గిస్తారు అన్నవే అసలు షరతులు. 64 కేబీపీఎస్‌కి తగ్గిస్తే ఒక ఎంబీ రావడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. 3 ఎంబీ ఫోటో ఒక్కటి దిగడానికి ఆరు నిమిషాలు. మెసేజీ వెళ్తుంది గానీ మ్యాపు తెరుచుకోదు, డబ్బు చెల్లించే పేజీ మధ్యలో ఆగిపోతుంది. అదే 1 ఎంబీపీఎస్‌కి తగ్గిస్తే చాలా పనులు నడుస్తాయి. పేరుకి రెండూ అన్‌లిమిటెడ్ ప్లాన్లే. హాట్‌స్పాట్‌కి విడిగా పరిమితి ఉందేమో కూడా చూడండి, ల్యాప్‌టాప్ కలిపి పనిచేసేవాళ్లకి అదే ముఖ్యం. అపరిమిత డేటా 5జీలో మాత్రమే ఇస్తే, మీ ఇంట్లో ఫోన్ 4జీకి పడిపోయిన ప్రతిసారీ వాడింది మామూలు కోటాలోంచే పోతుంది. అందుకే వెనక గదిలో సిగ్నల్ చూడమని ముందే అన్నాను.

వేగం పెరిగితే కోటా కూడా అంతే వేగంగా కరుగుతుంది. 100 ఎంబీపీఎస్ వచ్చే చోట ఒక జీబీ దిగడానికి 80 సెకన్లు చాలు.

ధరని ఏడాదితో కొలవండి

28 రోజుల ప్లాన్‌ని మనం ‘నెల ప్లాన్’ అంటాం. ఏడాదికి అలాంటివి 13 పడతాయి. 12 నెలలకి 13 సార్లు కడుతున్నామన్న సంగతి చాలామందికి తట్టదు. 28 రోజులకి 100, 30 రోజులకి 105 అని రెండు ప్లాన్లున్నాయనుకోండి. చూడగానే మొదటిది చవక అనిపిస్తుంది. రోజుకి లెక్కేస్తే మొదటిది 3.57, రెండోది 3.50. ఏడాదికి మొదటిది దాదాపు 1304, రెండోది 1278. ధరని రోజులతో భాగించి 365తో హెచ్చవెయ్యడం తప్ప నాకు తెలిసిన మరో నమ్మకమైన పోలిక లేదు. దానికి మీరు గత ఏడాది వేయించుకున్న టాపప్‌లన్నీ కలపండి. టాపప్‌లు ప్లాన్ ధరలో పావు వంతు దాటుతుంటే పై మెట్టు ప్లానే చవక పడుతుందేమో లెక్క చూసుకోవాలి.

ప్లాన్‌తోపాటు సినిమాల యాప్‌లు, పాటల యాప్‌లు కలిపి ఇస్తుంటారు. విడిగా డబ్బు పెట్టి అది కొనేవాళ్లా మీరు? కొనేవాళ్లయితే దాని ధరని ప్లాన్ ధరలోంచి తీసేసి పోల్చండి. లేకపోతే దాని విలువ సున్నా.

ఏడాది ప్లాన్ ఒకేసారి తీసుకుంటే రోజు ఖర్చు సాధారణంగా తగ్గుతుంది. కానీ టెస్టు చెయ్యని నెట్‌వర్క్ మీద ఏడాది ప్లాన్ ఎప్పుడూ తీసుకోకండి. ముందు ఒక నెల చిన్న ప్లాన్‌తో ఉండండి. ఇల్లు గానీ ఉద్యోగం గానీ మారే సూచన ఉన్నా ఆగండి.

ప్రీపెయిడ్‌లో డబ్బు అయిపోతే సేవ ఆగుతుంది, పోస్ట్‌పెయిడ్‌లో సేవ ఆగదు, బిల్లు పెరుగుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క తేడాయే నిర్ణయించాలి. నలుగురున్న ఇంట్లో డేటా పంచుకునే పోస్ట్‌పెయిడ్ ప్లాన్ నిజంగానే కలిసొస్తుంది, ఎందుకంటే ఒకరు మిగిల్చింది ఇంకొకరికి పనికొస్తుంది. కానీ చేరిన రోజే ఖర్చు పరిమితి పెట్టించుకోండి, విదేశీ రోమింగ్ ఆపి ఉంచండి. దేశ సరిహద్దు దగ్గర ఉండేవాళ్ల ఫోన్ అవతలి టవర్‌ని పట్టుకుని రోమింగ్ బిల్లు తెచ్చిపెట్టగలదు. ఫోన్‌ని వాయిదాల మీద ఇచ్చే ప్లాన్లలో ఫోన్ ధరని, సేవ ధరని విడదీసి చూడాలి. వాయిదాలు తీరిపోయాక కూడా అదే మొత్తం కడుతూ పోయేవాళ్లు ఉన్నారు.

రెండు సిమ్‌లు, పాత నంబర్

ఒక నెట్‌వర్క్ ఇంట్లో బాగుండి, ఇంకోటి పనిచేసే చోట బాగుంటే? రెండూ ఉంచుకోండి. ఇంట్లో వచ్చేదాని మీద కాల్స్ కోసం చిన్న ప్లాన్, చవగ్గా డేటా ఇచ్చేదాని మీద డేటా. రెండుచోట్లా మధ్యరకంగా ఉండే ఒకే నెట్‌వర్క్‌తో రాజీపడడంకన్నా ఈ పద్ధతి ఎక్కువమందికి నప్పుతుంది, ఖర్చు కూడా అనుకున్నంత పెరగదు. ఒక చిక్కు మాత్రం ఉంది. చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతున్నంతసేపూ రెండో సిమ్ డేటా ఆగిపోతుంది. కాల్‌లో ఉండగా డేటా మారే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో ఉంటుంది, దాన్ని వెతికి ఆన్ చేసుకోండి.

పాత సిమ్‌ని డ్రాయరులో పడేసి మర్చిపోవద్దని బతిమాలుతున్నాను. కొంతకాలం రీఛార్జ్ లేకుండా ఉంటే నంబర్ రద్దవుతుంది, తర్వాత అది ఇంకెవరికో వెళ్తుంది. ఆ నంబర్‌కి మీ బ్యాంకు, మెయిల్ ముడిపడి ఉంటే ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి. నంబర్ని బతికించే కనీస ప్లాన్ వేసి ఉంచండి, లేదా ముందే అన్నిచోట్లా నంబర్ మార్పించండి.

నంబర్ పోర్ట్ చేసేటప్పుడు పాత కనెక్షన్‌ని మీ అంతట మీరు రద్దు చేయించకూడదు. రద్దయిన నంబర్ని పోర్ట్ చెయ్యలేరు. బకాయిలుంటే తీర్చి, వ్యాలిడిటీ ఇంకా కొన్ని రోజులు ఉండగానే మొదలుపెట్టండి. మారే సమయంలో కొన్ని గంటలు ఫోన్ పనిచెయ్యకపోవచ్చు. ఆ రోజు టికెట్లు బుక్ చెయ్యడం, బ్యాంకు పనులు పెట్టుకోకండి. ఇంట్లో పెద్దవాళ్లది మారుస్తుంటే ఆ పూట వాళ్ల దగ్గర ఉండండి. కొత్త సిమ్ పడ్డాక వెనక గదిలోకి తీసుకెళ్లి, తలుపు మూసి, ఒకసారి బయటి నుంచి ఫోన్ చేసి చూడండి.